పితికిపప్పు, జనవరి

మా ఫ్రీజర్ తలుపు సరిగా పడదు.
మోకాలితో ఒక తోపు తోసి,
ఆగి,
చెవి పెట్టి వినాలి.
ఈ ఇంట్లో రోజూ తప్పకుండా
నాకు బదులు పలికేది అదొక్కటే.

ఓబులేసు పగలు క్యాబ్ తోలతాడు.
నాది రాత్రి డ్యూటీ, పిల్లల వార్డు.
రామమూర్తినగర్ మలుపులో నేను బస్సు దిగేసరికి
అతను ఎయిర్‌పోర్టు రోడ్డు ఎక్కి ఉంటాడు.
దుప్పటి ఒకటే,
వంతులవారీగా కప్పుకుంటాం.

మేం మాట్లాడుకునేది డబ్బాల మీద.
వార్డులో మిగిలిన తెల్ల ప్లాస్టరు ముక్క,
దాని మీద నీలం పెన్ను:
"చింతచిగురు పప్పు. మంగళవారం. ఉప్పు తక్కువ, చూసుకో."
"కోడికూర. ముక్కలు నాలుగే. నాలుగూ నీకే."
"ఇది చట్నీ కాదు, అల్లం వెల్లుల్లి.
పోయినసారి మాదిరి ఇడ్లీకి పెట్టుకోవద్దు."
ఒకసారి,
"ఏమీ చెయ్యలేదు. నిద్రొచ్చింది."
మూత తీసి చూశాను. నిజమే.
ఖాళీ డబ్బాని అంత జాగ్రత్తగా
గడ్డకట్టించి పెట్టాడు.

జనవరిలో ఒక ఆదివారం
ఎట్లాగో ఇద్దరికీ కలిసింది.
కె.ఆర్.పురం సంత నుంచి
పది కిలోల అనపకాయ మోసుకొచ్చాడు.
"పదా!" అన్నాను.
"మంచు పడిన కాయ మే, వాసన చూడు,"
గుప్పెడు తీసి ముక్కు కింద పెట్టాడు.

పొద్దున ఒలిచి నీళ్లలో పోస్తే
దీపాల వేళకి తొక్క వదిలింది.
బొటనవేలు, చూపుడువేలు, ఒక్క నొక్కు.
పప్పు ఇటు, తొక్క అటు,
కొన్ని ఎగిరి టీవీ కిందికి.
చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది.
హెబ్బాళ ఫ్లైఓవర్ కింద
రోజూ ఇరవై నిమిషాలు నిద్రపోతాడట.
కుడివైపు పన్ను నెలరోజులుగా సలుపుతోందట.
పదకొండో నంబరు మంచం పిల్లాడు
నన్ను పిన్నీ అంటాడని నేను చెప్పాను.
ఇంటికి పంపేశారా అనడిగాడు.
ఒక గింజ పితికాను. ఇంకొకటి పితికాను.
అతను మళ్లీ అడగలేదు.

పది కిలోలకి మూడు కిలోల పప్పు కూడా రాలేదు.
ఒక్క పొంగు రానిచ్చి, గుడ్డ మీద ఆరబోసి,
గాలి తీసి కట్టిన ప్యాకెట్లు ఏడు.
"పితికిపప్పు. జనవరి."
అంతే రాశాడు.
మిగతాది రాయడానికి నేను పక్కనే ఉన్నాను కదా.

మే నెలలో ట్రే మంచులో కూరుకుపోయింది.
రాత్రంతా నిలబడిన ఒళ్లు, ఆకలి,
చేతికందింది కూరగాయల కత్తి.
ఒక్క పోటు. స్స్స్ అంది.
మెకానిక్ ఇంతియాజ్ వచ్చి చూసి,
"కత్తి పెట్టినారా అక్కా?"
లేదన్నాను.
అతను పాపం ఆ చిల్లుని వేలితో కప్పి,
"గ్యాస్ దానికదే పోతుంది ఒక్కోసారి," అన్నాడు.
రెండు వేల ఎనిమిది వందలు. రెండు రోజులు.

మిగిలిన రెండు ప్యాకెట్లు
పైనింటి పుట్టతాయమ్మ ఫ్రిజ్‌లో
కొబ్బరికోరు పక్కన తలదాచుకున్నాయి.
మూడోరోజు ఒక ప్యాకెట్టూ
ఒక గిన్నెడు సారూ పట్టుకుని దిగింది.
"కరిగిపోతుంటే చూడలేక చేసేశానమ్మా."
ఆమెకీ నిన్న ఎవరూ లేరు తినడానికి.
మెట్ల మీదే కూర్చుని ఇద్దరం తిన్నాం.

జూలై, ముసురు. ఆఖరిది తీశాను.
పోపు వేశాను, సంగటి కెలికాను.
రుచి ఉంది. మెత్తదనం ఉంది.
వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
చేలో పడే మంచు వాసనని పట్టి తెస్తుంది,
పెట్టెలో పడే మంచు
ఆకారాన్ని మాత్రం కాపలా కాస్తుంది.
దాన్ని తప్పు పట్టను,
చేతనైనంత చేసింది.

సగం అతనికి తీసిపెట్టి
ప్లాస్టరు మీద రాశాను:
"ఇదే ఆఖరు.
వచ్చే జనవరిలో ఒక ఆదివారం దాచిపెట్టు."

పొద్దున వచ్చేసరికి
డబ్బా కడిగి బోర్లించి ఉంది.
అడుగున అతని కోడికాళ్ల రాత:
"రెండు దాచినా.
మంచు పడాల గదా మే."